వేసవి సెలవుల్లో పెరటి ఆటలు: గోదావరి డెల్టా ఇళ్ళలో పిల్లల్ని ఎలా ఆడించాలి

ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులిచ్చింది మొదలు జూన్ రెండో వారం దాకా పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత కూడా పిల్లల్ని నీరసపెడుతుంది. చెమట ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో పట్టిన చెమట పట్టినట్టే ఉండిపోతుంది కనుక, నీడలో పరుగెత్తిన పిల్లలు కూడా త్వరగా అలసిపోతారు. కాబట్టి ఏ ఆట ఆడించాలన్న ఆలోచన కంటే ముందు, ఈ వేళప్పుడు మన పెరట్లో నీడ ఎక్కడుంది, అది ఎంతసేపు ఉంటుంది అన్నది తెలుసుకోవాలి. నీడను బట్టి ఆటను ఎంచుకున్న ఇంట్లో పిల్లలు రోజుకు నాలుగైదు గంటలు హాయిగా బయటే గడపగలరు. అది చూడని ఇంట్లో రెండో రోజుకే తలనొప్పులు మొదలై, సెలవులన్నీ టీవీ ముందో ఫోను ముందో గడిచిపోతాయి.

పెరడును సిద్ధం చేయడం

సెలవుల మొదటి రోజున పిల్లల చేతికి పుల్లలిచ్చి, ఉదయం ఏడు గంటలకు, పది గంటలకు, మళ్ళీ సాయంత్రం నాలుగింటికి నీడ అంచు ఎక్కడుందో అక్కడల్లా ఒక పుల్ల గుచ్చమనండి. పొద్దున ఇంటి నీడ పడమటి వైపు పడుతుంది, సాయంత్రం తూర్పు వైపు పడుతుంది. మామిడి, వేప, పనస వంటి చెట్ల కింద చిక్కని నీడ ఉంటుంది, కొబ్బరి నీడ మాత్రం పలచగా ఉండి ఘడియకో చోటికి జరుగుతూ ఉంటుంది. ఈ పుల్లలు చూస్తే ఉదయం పరుగుల ఆట ఎక్కడ ఆడాలో, మధ్యాహ్నం చాప ఎక్కడ వేయాలో మీకే కాదు, పిల్లలకూ తెలిసిపోతుంది. తాము గుచ్చిన పుల్ల కనుక ఆ హద్దు దాటకుండా ఉండాలన్న పట్టుదల కూడా వాళ్ళకే కలుగుతుంది.

తరువాతి పని కొబ్బరి చెట్ల సంగతి చూడడం. మన పెరళ్ళలో అసలైన ప్రమాదం ఇక్కడే ఉంది. ఎండిన మట్ట ఊడిపడడానికి గాలి వీచనక్కరలేదు, ముదిరిన కాయ రాలడానికి వేళాపాళా లేదు. సెలవులకు ముందే దింపు తీయించి (ముదిరిన కాయలు కోయించి), వేలాడుతున్న ఎండు మట్టల్ని కూడా అదే చేత్తో దింపమని చెప్పండి. దింపు తీసినా సరే, కొబ్బరి మొదళ్ళ చుట్టూ ఆట పెట్టవద్దు.

కొబ్బరి డొక్కల (పీచు తొక్కల) రాశి, కట్టెల మోపులు, గడ్డిమేటు ఉన్న చోట్ల తేళ్ళూ జెర్రులూ చేరతాయి, పాములూ తలదాచుకుంటాయి. వాటిని పెరటి నుంచి పూర్తిగా తీసేయడం చాలా ఇళ్ళలో కుదరదు కాబట్టి, వాటికి పది అడుగుల ఇవతల ఒక తాడు కట్టి, బంతి అటు పోతే పెద్దవాళ్ళే కర్రతో తీసి ఇవ్వాలని నియమం పెట్టండి. నూతికి ఇనప జల్లెడో చెక్క మూతో తప్పక ఉండాలి. ఇంటి వెనకే కాలువ గట్టు గాని, చేపల చెరువు గాని, రొయ్యల చెరువు గాని ఉంటే, దడిలో పిల్లలు దూరగలిగే సందులన్నీ మూసేయండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు గదా అని ధీమాగా ఉండకూడదు, అక్కడక్కడా గుంటల్లో నిలిచిన నీళ్ళు పిల్లలు మునిగేంత లోతు ఉంటాయి. మోటారు వైర్లు నేల మీద పాకుతున్నాయేమో కూడా చూడండి.

ఇక నేల. రాజోలు, మలికిపురం వైపు ఇసుక నేలల్లో పడినా దెబ్బ తగలదు కాని గీసిన గీత నిలవదు, ఎండకు ఇసుక కాలి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. భీమవరం, ఉండి వైపు నల్లమట్టి వేసవిలో నెర్రెలు విచ్చి, పరుగెత్తే పిల్లల మడమలు మడతపడతాయి. ఇసుక నేల అయితే ఆటకు అరగంట ముందు నీళ్ళు చల్లి చేత్తో అదిమితే గీతలు ఆ పూటంతా నిలుస్తాయి. నల్లమట్టి అయితే నెర్రెల్లో మెత్తటి మన్ను పోసి, తడిపి, తొక్కించి, పైన పేడ కళ్ళాపి చల్లితే నేల గట్టిపడుతుంది. గీతలకు ముగ్గు చాలు.

ఉదయం: పరుగుల ఆటలు

పరుగెత్తే ఆటలన్నీ ఆరింటికి మొదలై తొమ్మిదింటికి ముగియాలి. రోహిణి కార్తె వచ్చాక ఎనిమిదిన్నరకే ముగించండి. ఆటకు ముందు ప్రతి ఒక్కరూ ఒక గ్లాసు నీళ్ళు తాగాలి, దాహం వేసే దాకా ఆగకూడదు.

దొంగ ఎవరో తేల్చడానికి పిల్లలకు పంటలు వేయడం నేర్పండి. ముగ్గురేసి చేతులు కలిపి ఊపి, అరచేయి పైకో కిందికో పెడతారు. ఇద్దరివి ఒకలా ఉండి ఒకరిది వేరుగా ఉంటే ఆ ఒకరు పండినట్టు. చివరికి పండకుండా మిగిలినవాళ్ళు దొంగ. నాలుగైదేళ్ళ చిన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టకండి. వాళ్ళను ఆటలో అరటిపండుగా చేర్చుకుంటే అందరితో పాటు పరుగెత్తుతారు, కాని ఔట్ కారు, దొంగ కారు. పిన్నీ బాబాయిల పిల్లలూ, మేనత్త పిల్లలూ అన్ని వయసుల వాళ్ళూ ఒకే పెరట్లో పోగయ్యే సెలవుల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

ఏడు పెంకులాటకు పాత ఇంటి పెంకు ముక్కలు ఏడు కావాలి. పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చేలా ఏరి, అంచుల్ని గచ్చు మీద రుద్ది మొద్దుబార్చండి. పిల్లలు రెండు జట్లవుతారు. పది పన్నెండు అడుగుల దూరం నుంచి ఒక జట్టువాళ్ళు బంతితో పెంకుల దొంతిని కొట్టాలి. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. దొంతి పడగానే వాళ్ళు పరుగెత్తుతూ, తప్పించుకుంటూ పెంకుల్ని మళ్ళీ పేర్చాలి, అవతలి జట్టు బంతి అందుకుని వాళ్ళను కొట్టాలి. పేర్చడం పూర్తికాకముందే బంతి తగిలితే ఆ జట్టు ఓడినట్టు. పెరటి ఆటకు రబ్బరు బంతి వద్దు, గుడ్డ బంతి మంచిది. పాత చీర పీలికల్ని ఉండగా గట్టిగా చుట్టి, పురికొసతో అడ్డదిడ్డంగా బిగించి కడితే తగిలినా నొప్పి పుట్టదు, గోడ దాటి పక్కింటి పెరట్లోనూ పడదు. నడుము కింద మాత్రమే కొట్టాలన్న నియమాన్ని మొదటే చెప్పేయండి.

చోటు తక్కువైతే నేలా బండా ఆడించండి. దొంగను "నేల కావాలా, బండ కావాలా" అని అడుగుతారు. నేల అంటే నేలంతా దొంగది, మిగిలినవాళ్ళు అరుగులూ మెట్లూ చప్టాలూ ఎక్కి ఉండాలి. నేల మీదికి దిగి దొంగను ఉడికించేవాళ్ళను అతను ముట్టుకోవాలి. ముట్టుకుంటే వాళ్ళే కొత్త దొంగ. ఈ ఆటకు సామగ్రి ఏమీ అక్కరలేదు, నేర్పనూ అక్కరలేదు.

కోతి కొమ్మచ్చి ఆడాలని పెద్ద పిల్లలు పేచీ పెడతారు. జామ చెట్టో, కొమ్మలు కిందికి ఉన్న మామిడో ఉంటే ఒప్పుకోవచ్చు. మునగ చెట్టు మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి, దాని కొమ్మ పెళుసు, బరువు పడగానే విరుగుతుంది. నేరేడు కొమ్మనూ నమ్మకూడదు. పెద్దవాళ్ళ భుజం ఎత్తుకు మించి ఎక్కకూడదని చెట్టు మొదలుకు ఒక గుడ్డ పీలిక కట్టి చూపించండి.

మట్ట బ్యాటు తయారీ

క్రికెట్ లేకుండా మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఇప్పుడు సెలవులు గడవవు. దానికి కొట్లో బ్యాటు కొననక్కరలేదు. కొబ్బరి మట్ట మొదలు వెడల్పుగా, ఆకు వైపు సన్నగా ఉంటుంది. అంటే బ్యాటు ఆకారం దానికి సహజంగానే ఉంది. పచ్చి మట్ట బరువెక్కువ, బాగా ఎండి పుచ్చినది ఒక్క దెబ్బకే చీలుతుంది. రాలి వారం పది రోజులైన మట్టను ఎంచుకోండి. మొదలు నుంచి రెండున్నర అడుగుల ముక్కను పెద్దవాళ్ళే కత్తితో నరకాలి. రెండు పక్కలా అంచులు కత్తిలా పదునుగా ఉంటాయి, పీచు కూడా లేచి ఉంటుంది. ముందు ఆ అంచుల్ని చెక్కి గుండ్రం చేయండి. తరువాత పిడి భాగాన్ని పిల్లల గుప్పిట్లో ఇమిడేంత సన్నంగా చెక్కండి. ఆపైన గరుకు కాగితంతో రుద్దే పని పిల్లలకు వదిలేయండి. చేత్తో తడిమితే ఎక్కడా పుల్ల గుచ్చుకోకూడదు, ఆ పరీక్ష మీరు చేయాలి. చివరగా పాత సైకిలు ట్యూబును రిబ్బనులా కోసి పిడికి బిగించి చుడితే చెమట చేతుల్లోంచి జారదు. వికెట్లకు మూడు మట్ట ముక్కలు గుచ్చితే సరి.

గూటీబిళ్ళకు మాత్రం పెరడు తగదు. ఎగిరిన బిళ్ళ ఎటు పోతుందో కొట్టినవాళ్ళకే తెలియదు, కంటికి తగిలితే చూపు పోతుంది. అది కోతలైపోయిన దాళ్వా (రెండో పంట వరి) చేలో, అందరూ వెనక నిలబడేంత చోటు ఉన్నప్పుడు ఆడవలసిన ఆట. బొంగరాలు కూడా చిన్నపిల్లలు తిరగని మూలనే వేయించండి.

మధ్యాహ్నం: నీడలో కూర్చుని

తొమ్మిది దాటితే పరుగులు ఆపించాలి. పన్నెండు నుంచి మూడు దాకా పిల్లలు వసారాలోనో ఇంట్లోనో ఉండడమే క్షేమం. అటూ ఇటూ ఉన్న గంటల్లో చెట్టు నీడన చాప వేసి కూర్చునే ఆటలు పెట్టండి. ఈ ఆటలు చిన్నవి కావు. లెక్క, ఓపిక, ఎదుటివారి ఎత్తు కనిపెట్టడం వీటిలోనే అలవడతాయి.

వామనగుంటలకు చెక్క పీట లేకపోతే నేలే చాలు. తడిపిన మట్టిలో స్టీలు గ్లాసు అడుగును అదిమి తిప్పితే చక్కటి గుంట పడుతుంది. అలా వరుసకు ఏడు చొప్పున రెండు వరుసలు, మొత్తం 14 గుంటలు వేయించండి. ఒక్కో గుంటలో ఐదేసి చింతపిక్కలు పోస్తే 70 పిక్కలు కావాలి. తన వైపు గుంట ఒకటి ఎంచుకుని, అందులో పిక్కలన్నీ తీసి, వరుసగా ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేస్తూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే, దాన్ని చేత్తో తుడిచి దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ గెలుచుకోవాలి. అక్కడితో వంతు ముగుస్తుంది. వరుసగా రెండు గుంటలు ఖాళీ అయితే ఏమీ రాదు. ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది, మీ అమ్మమ్మో నాయనమ్మో చెప్పిన పద్ధతే పిల్లలకు నేర్పండి. వీలైతే ఆవిడనే ఆటకు కూర్చోబెట్టండి, ఎదుటి గుంటల్లో ఎన్ని పిక్కలున్నాయో తాకకుండా చెప్పే ఆ చూపును పిల్లలు చూసి తీరాలి.

పులిమేకకు గీత కాస్త జాగ్రత్తగా గీయాలి. పైన ఒక కొన పెట్టి, దాని నుంచి కిందికి నాలుగు గీతలు విప్పినట్టు గీయండి. వాటిని నాలుగు అడ్డగీతలతో దాటించండి. పై మూడు అడ్డగీతలూ రెండు పక్కలా బయటికి పొడుచుకు రావాలి, ఆ కొసల్ని పక్కన ఒక్కో నిలువు గీతతో కలపాలి. అడుగు గీత మాత్రం నాలుగు గీతల మధ్యనే ఆగిపోతుంది. గీతలు కలిసే చోట్లు 23 వస్తే బొమ్మ సరిగ్గా వచ్చినట్టు. మూడు గులకరాళ్ళు పులులు, 15 చింతపిక్కలు మేకలు. ఒక పులి కొన మీద, రెండు దాని కింది అడ్డగీత నడిమి కూడళ్ళలో ఉంటాయి. మేకలవారు ఒక్కో వంతుకు ఒక్కో మేకను దించుతారు, అన్నీ దిగే దాకా ఏ మేకా కదలకూడదు. పులి పక్క కూడలికి జరగవచ్చు, లేదా మేక మీదుగా అవతలి ఖాళీ కూడలికి దూకి ఆ మేకను చంపవచ్చు. మూడు పులులకూ కదిలే దారి లేకుండా కడితే మేకలు గెలిచినట్టు. ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టో ఆటకు ముందే ఒప్పందం చేసుకోవాలి.

సాయంత్రం: బండ్లు, చిప్పలు, నీళ్ళు

నాలుగున్నర దాటాక సముద్రపు గాలి మళ్ళుతుంది, పిల్లలకూ ప్రాణం లేచొస్తుంది. ఇది బొమ్మలు చేసుకుని వాటితో ఆడుకునే వేళ.

ముంజల కాలంలో బండి కట్టని పిల్లలు ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ముంజలు తినేశాక మిగిలిన తాటికాయ డిప్పలు, ఒకే పరిమాణంలో ఉన్నవి రెండు తీసుకోండి. పచ్చిగా, ఆ రోజు కోసినవైతేనే పుల్ల దిగుతుంది. అడుగు పొడవున్న గట్టి పుల్లకు రెండు కొనలూ చెక్కి, ఒక్కో డిప్ప నడిమధ్యన గుచ్చి, అవతలికి అంగుళం వచ్చేదాకా దించండి. నడిమికి గుచ్చకపోతే బండి ఎగుడుదిగుడుగా కుంటుతుంది. ఇక పిల్లల ఛాతీ ఎత్తు ఉన్న పంగల కర్ర ఒకటి తెచ్చి, ఆ పంగను ఇరుసు నడుమ ఆనించి తోస్తే చక్రాలు దొర్లుకుంటూ పోతాయి. డిప్ప జిగురు బట్టలకు అంటితే మరక పోదు కనుక పాత చొక్కా వేయండి. రెండు మూడు రోజులకు డిప్పలు ఎండి బిగుసుకుపోతాయి, మళ్ళీ ముంజలు తినడమే మార్గం.

చిప్పల నడకకు కొబ్బరి చిప్పల్లో కళ్ళున్న సగాలు రెండు కావాలి. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది, మేకుతో పొడిస్తే బెజ్జం పడుతుంది. అందులోంచి తాడు పైకి తీసి, లోపలి కొసకు చిన్న పుల్ల కట్టి ముడివేస్తే జారిపోదు. చిప్పను బోర్లించి, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాడు ఉండేలా పైన నిలబడి, తాళ్ళను చేతులతో బిగబట్టి టకటకా నడవాలి. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు ఇది బాగుంటుంది. చిన్నవాళ్ళకైతే ఆకులతో ఉన్న ఎండు మట్ట మీద కూర్చోబెట్టి అన్నలూ అక్కలూ లాగే బండే పండగ.

తొక్కుడుబిళ్ళకు నాలుగేసి గడులు రెండు వరుసలు గీస్తే చాలు. ఒంటికాలితో బిళ్ళను గడి నుంచి గడికి తన్నుకుంటూ, గీత తొక్కకుండా తిరిగి రావాలి. ఇంతకుమించి చెప్పనక్కరలేదు, వీధిలో ఎవరో ఒక అమ్మాయికి వచ్చే ఉంటుంది.

వారానికి ఒకటి రెండు రోజులు నీళ్ళ ఆట పెట్టండి. ఇరవై అడుగుల దూరంలో రెండు బకెట్లు పెట్టి, నిండిన దానిలోంచి కొబ్బరి చిప్పతో ముంచి, ఒలకకుండా పరుగెత్తి ఖాళీ బకెట్లో పోయాలి. ఏ జట్టు బకెట్టు ముందు గీత దాకా నిండితే వారిదే గెలుపు. రెండు బకెట్లూ కొబ్బరి మొదళ్ళకు దూరంగానే పెట్టి, ఆట అయ్యాక ఆ నీళ్ళు పెద్దవాళ్ళే కొబ్బరి పాదులో పోయాలి. తీరం దగ్గర ఉప్పునీటి బోర్లున్న ఊళ్ళలో ఈ ఆట మానేయడమే మేలు, తాగే నీళ్ళు పిల్లల ఆటకు పోయవద్దు.

పున్నమికి అటూ ఇటూ ఉన్న రోజుల్లో అన్నాలు తిన్నాక వెన్నెలకుప్పలు ఆడించండి. రెండు జట్లూ పెరటిని చెరిసగం పంచుకుని, ఎవరి సగంలో వాళ్ళు గుప్పెడు గుప్పెడు ఇసుకతో చిన్న కుప్పలు రహస్యంగా పెట్టాలి. తరువాత జట్లు చోట్లు మార్చుకుని, అవతలివాళ్ళ కుప్పల్ని వెతికి చెరిపేయాలి. చెరపకుండా మిగిలిన కుప్పలు ఎవరివి ఎక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. చీకటి మూలలూ పొదలూ హద్దులోకి రాకుండా పగలే ముగ్గుతో గీసి ఉంచండి. చెప్పులు లేకుండా ఎవరినీ దిగనివ్వకండి, పెద్దవాళ్ళు ఒకరు టార్చి పట్టుకుని అరుగు మీద కూర్చోవాలి.

ఒళ్ళు వేడెక్కితే

ప్రతి అరగంటకూ ఆట ఆపించి మజ్జిగో, కొబ్బరి బొండం నీళ్ళో, మామూలు నీళ్ళో తాగించండి. రంగు డ్రింకులు వద్దు. పిల్లలు తలనొప్పనీ కళ్ళు తిరుగుతున్నాయనీ వికారమనీ అంటే వెంటనే నీడకు తెచ్చి, చొక్కా వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, విసనకర్రతో విసరండి. ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా పట్టండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కొలిచి కలపండి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడినా, మగతగా ఉన్నా, స్పృహ తప్పినా ఏమీ తాగించకుండా నీళ్ళతో ఒళ్ళు తడుపుతూనే 108కి ఫోను చేయండి. పాము కరిస్తే కోయడాలూ నోటితో పీల్చడాలూ వద్దు, కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

రోజూ ఆట ముగిశాక పెంకులు ఏడూ ఉన్నాయా, పిక్కలు డబ్బాలో పడ్డాయా అని పిల్లలే లెక్క చూసుకోవాలి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకునేవి కనుక పిక్కలూ గోళీలూ అటక మీదికి చేరాలి. మట్ట బ్యాటును నేల మీద పడేస్తే చెద పడుతుంది, చూరు కింద తాడుకు వేలాడదీయండి. కాళ్ళూ చేతులూ కడుక్కునేటప్పుడు అరికాళ్ళూ వేళ్ళ సందులూ ఒకసారి చూడండి, గుచ్చుకున్న ఈనెను రాత్రే తీసేస్తే పొద్దున ఆట ఆగదు.